క్రియాటినిన్ అడిగినట్టే హిమోగ్లోబిన్ కూడా అడగండి

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి, కంచిలి, సోంపేట వైపు ఏ ఊళ్ళో అయినా సరే, ఫలానా ఆయనకి కిడ్నీ జబ్బట అని తెలియగానే జనం అడిగే మొదటి మాట "క్రియాటినిన్ ఎంతుందట?" క్రియాటినిన్ అంటే కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం, కిడ్నీ పాడయ్యేకొద్దీ రక్తంలో పెరుగుతుంది. బడి మొహం చూడని ముసలమ్మలు కూడా ఆ లెక్క చెప్పగలరు. రెండు లోపుంటే జాగ్రత్తగా నెట్టుకురావచ్చు, ఐదు దాటితే డయాలసిస్ మాట వస్తుంది, ఎనిమిది అంటే ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. ప్రభుత్వమూ అదే అడుగుతుంది. డయాలసిస్ దాకా రాని కిడ్నీ రోగుల పింఛనుకి పెట్టిన కొలమానాల్లో క్రియాటినిన్ 5 దాటడం ఒకటి.

అదే రిపోర్టుల కట్టలో ఇంకో అంకె ఉంటుంది. హిమోగ్లోబిన్. రక్తంలో ఆక్సిజన్ని మోసేది అదే, అది తగ్గడమే రక్తహీనత. ఆ అంకెని ఎవరూ అడగరు.

నేను రాస్తున్నది ఆ అంకె గురించే. కిడ్నీ జబ్బులో ఒకసారి పోయినవి చాలావరకు తిరిగి రావు. రక్తహీనత మాత్రం అలాంటిది కాదు, దానికి మందుంది, ఆ మందు పనిచేస్తుంది. మనిషి పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం చేయగలడు, ఏం చేయలేడు అన్నది రక్తహీనత తేల్చినంతగా క్రియాటినిన్ తేల్చదు. అయినా మన ఇళ్ళలోనూ చాలా ఆస్పత్రుల్లోనూ దాన్ని జబ్బులో భాగంగా లెక్కేయరు. నీరసం అంటారు, వయసు అంటారు, "డయాలసిస్ మనిషి కదా, అలాగే ఉంటాడు" అంటారు. ఈ చివరి మాట వింటే నాకు కోపం వస్తుంది. ఎందుకు వస్తుందో వివరంగా చెప్తాను.

మా నాన్నది కొబ్బరితోట, కాస్త జీడిమామిడి. డయాలసిస్ మొదలైన కొత్తలో మేమంతా క్రియాటినిన్ ఎంత దిగింది, పొటాషియం ఎంత, ఒంట్లో నీరు ఎన్ని కిలోలు తీశారు అని చూసుకునేవాళ్ళం. ఈలోగా ఆయన మెల్లమెల్లగా పనులు మానేశాడు. ముందు తోటకి వెళ్ళడం మానేశాడు. తర్వాత వీధి చివరి రచ్చబండ దగ్గరికి వెళ్ళడం మానేశాడు. చివరికి స్నానానికి లేచి, పెరట్లో నీళ్ళ తొట్టి దగ్గరికి వెళ్ళేలోపే మధ్యలో ఉన్న అరుగు మీద కూలబడేవాడు. రెండు చెంబులు పోసుకున్నాక గోడ పట్టుకుని నిలబడి ఊపిరి తీసుకునేవాడు. ఎండాకాలంలో కూడా చలి అని దుప్పటి కప్పుకునేవాడు. కింది కనురెప్ప లాగి చూస్తే లోపల ఎరుపన్నదే లేదు. "ఒంట్లో సత్తువ లేదమ్మా" అన్నమాట తప్ప ఇంకేమీ చెప్పేవాడు కాదు. అప్పుడు హిమోగ్లోబిన్ ఏడు. పెద్ద మగవాళ్ళకి పదమూడు కన్నా తగ్గితే రక్తహీనత అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆడవాళ్ళకి పన్నెండు. ఏడు అంటే ఉండాల్సినదాంట్లో సగానికి కాస్త పైన. సగం రక్తంతో బతికే మనిషిని "కాస్త నడవాలి నాన్నా, కూర్చుంటే ఇంకా బిగుసుకుపోతావు" అని అందరూ బలవంతపెట్టేవాళ్ళు.

కిడ్నీ రక్తాన్ని వడపోస్తుందని అందరికీ తెలుసు. రక్తం తయారుచేయమని చెప్పేది కూడా అదేనని తెలిసినవాళ్ళు తక్కువ. ఎర్ర రక్తకణాలు తయారయ్యేది ఎముకల్లోని మూలుగలో. ఎంత తయారుచేయాలో మూలుగకి కబురు పంపేది మాత్రం కిడ్నీ. రక్తంలో ఆక్సిజన్ తగ్గిందని కిడ్నీలోని కొన్ని కణాలు పసిగట్టి, ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోన్ని వదులుతాయి. పేషెంట్లు, టెక్నీషియన్లు దాన్ని ఈపీఓ అంటారు. ఆక్సిజన్ తగ్గిన సంగతి కణాలకి ఎలా తెలుస్తుందో కనిపెట్టినందుకే 2019లో విలియం కెలిన్, పీటర్ రాట్‌క్లిఫ్, గ్రెగ్ సెమెంజాలకి వైద్యంలో నోబెల్ ఇచ్చారు. కిడ్నీ పాడైతే ఆ హార్మోన్ తగ్గిపోతుంది. మూలుగ బాగానే ఉంటుంది, కబురు రాదు. దానికి తోడు మామూలుగా 120 రోజులు బతకాల్సిన ఎర్రకణం కిడ్నీ రోగి ఒంట్లో అంతకంటే ముందే చచ్చిపోతుంది. తయారీ తగ్గింది, ఖర్చు పెరిగింది. ఇంక రక్తం ఎక్కడ నిలుస్తుంది?

ఉద్దానం వాళ్ళకి ఇక్కడ ప్రత్యేకంగా చెప్పాల్సింది ఉంది. మా దగ్గర కనిపించే జబ్బుకి కారణం ఇదీ అని ఈనాటికీ తేలలేదు. నీళ్ళన్నారు, పురుగుమందులన్నారు, భారలోహాలన్నారు, ఎండలో చాకిరీ అన్నారు. కారణం ఏదైనా, ఈ రకం జబ్బులో దెబ్బ ప్రధానంగా తగిలేది కిడ్నీలోని సన్నటి గొట్టాలకి, వాటి మధ్య ఉండే కణజాలానికి. ఈపీఓ తయారుచేసే కణాలు ఉండేది సరిగ్గా అక్కడే. షుగరు, బీపీల వల్ల వచ్చే కిడ్నీ జబ్బులో లాగా మూత్రంలో ప్రొటీన్ ఎక్కువగా పోవడం, కాళ్ళు వాయడం ఇందులో మొదట్లో అంతగా కనిపించవు. కాళ్ళు వాయలేదు, బీపీ లేదు, నీరసం తప్ప ఏమీ లేదు అనుకుంటూ ఏళ్ళు గడిచిపోతాయి. ఆ "నీరసం తప్ప ఏమీ లేదు" అన్నచోటే మనం ఆగి రక్తపరీక్ష చేయించాలి.

మరి నీరసానికి మన ఊళ్ళలో జరిగే వైద్యం ఏమిటి? ఆర్ఎంపీ దగ్గరికి వెళ్తే రెండు సెలైన్ బాటిళ్ళు వేలాడదీస్తాడు. మామూలు మనిషికి అది దండగ ఖర్చుతో పోతుంది. మూత్రం రాని మనిషికి లీటరు సెలైన్ అంటే ఆ నీరంతా ఊపిరితిత్తుల్లోకి చేరి, రాత్రికి రాత్రి ఆయాసంతో అంబులెన్స్ ఎక్కాల్సి రావచ్చు. ఇంటికొచ్చిన చుట్టాలు ఇంకో రకం. వాళ్ళది నిజమైన ప్రేమే. దానిమ్మకాయలు తెస్తారు, ఖర్జూరం తెస్తారు, బీట్‌రూట్ రసం తాగమంటారు, మునగాకు వండమంటారు. "రక్తం పడుతుంది" అంటారు. కొబ్బరి బొండం సంగతి చెప్పనక్కర్లేదు, మా వైపు నీరసం అన్న మాట నోట్లోంచి రాగానే బొండం కొట్టేస్తారు. ఇవన్నీ పొటాషియం ఎక్కువున్నవి. బయటికి పంపే కిడ్నీ లేనప్పుడు ఆ పొటాషియం రక్తంలో పేరుకుపోయి గుండె లయ తప్పిస్తుంది, గుండె ఆగిపోయే ప్రమాదం కూడా ఉంది. జీవితమంతా కొబ్బరిచెట్లు పెంచిన మనిషికి తన చెట్టు బొండం తాగొద్దని చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా చెప్పాలి. ఎందుకంటే ఆయన రక్తం తగ్గింది తిండి చాలక కాదు. ఎన్ని దానిమ్మలు తిన్నా పాడైన కిడ్నీ ఈపీఓ తయారుచేయదు.

ఇనుము సంగతి కూడా దాదాపు ఇంతే, కానీ కొంచెం మెలిక ఉంది. ఒంట్లో తగ్గిన ఈపీఓని సూదిమందుగా ఇస్తారు, కానీ ఆ సూది ఒక్కటే వేస్తే చాలదు. కణాలు తయారవ్వాలంటే ఇనుము కావాలి. కిడ్నీ రోగుల్లో హెప్సిడిన్ అనే పదార్థం పెరిగిపోతుంది. దాన్ని తయారుచేసేది కాలేయం. ఒంట్లో ఎక్కడ ఇన్ఫెక్షన్ ఉన్నా, వాపు ఉన్నా అది ఇంకా పెరుగుతుంది, బయటికి పంపాల్సిన కిడ్నీ పంపలేదు. అది పేగుల నుంచి ఇనుము రక్తంలోకి రాకుండా ఆపుతుంది, లోపల నిల్వ ఉన్న ఇనుమునీ కదలనివ్వదు. గోదాంలో బియ్యం ఉండి తాళం పడితే రేషను షాపుకి చేరనట్టే. అందుకే డయాలసిస్ రోగికి ఐరన్ మాత్రలు నెలల తరబడి ఇచ్చినా పెద్దగా ఉపయోగం కనబడదు, కడుపులో మంటా మలబద్ధకమూ మిగులుతాయి. ఐరన్ సుక్రోజ్ అని ముదురు గోధుమరంగు మందు ఉంటుంది, దాన్ని సెలైన్‌లో కలిపి డయాలసిస్ నడుస్తుండగానే ఎక్కిస్తారు. అది నేరుగా రక్తంలోకి చేరుతుంది.

ఎవరికి ఎంత కావాలో తెలియాలంటే రెండు పరీక్షలున్నాయి. ఫెర్రిటిన్ నిల్వని చూపిస్తుంది, టీశాట్ అన్నది కదులుతున్న ఇనుముని చూపిస్తుంది. ఫెర్రిటిన్ ఒక్కటే చూస్తే మోసపోతాం, ఇన్ఫెక్షన్ ఉన్నా అది పెరుగుతుంది. ఫెర్రిటిన్ బాగా కనబడుతూ టీశాట్ ఇరవై శాతం కన్నా తక్కువుంటే, ఇనుము ఉండి కూడా పనికి రావట్లేదని అర్థం. ఈ రెండు పరీక్షలూ చేయకుండా నెలల తరబడి ఈపీఓ సూదులు వేస్తూ "మీ ఒంటికి పట్టట్లేదు" అనే చోట్లున్నాయి. ఇనుము లేకుండా ఒంటికి ఎలా పడుతుంది? ఖరీదైన మందు వృథా, మనిషి నీరసం మనిషికే.

డయాలసిస్‌లో రక్తం పోవడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది కళ్ళ ముందే జరుగుతుంది, ఎవరూ పట్టించుకోరు. నాలుగు గంటలయ్యాక టెక్నీషియన్ సెలైన్‌తో ట్యూబుల్లోని రక్తాన్ని తిరిగి ఒంట్లోకి పంపిస్తాడు. మంచి టెక్నీషియన్ అయితే ఫిల్టర్‌ని నిలువుగా పట్టుకుని, అరచేత్తో మెల్లగా తడుతూ, లోపలి సన్నటి దారాలు తెల్లబడేదాకా ఓపిగ్గా నిలబడతాడు. హడావిడి ఉన్నవాడు ట్యూబు కాస్త గులాబీ రంగుకి రాగానే కట్టేస్తాడు. గడ్డకట్టిన ఫిల్టర్‌లో ఎర్రటి చారలు అలాగే మిగిలిపోతాయి. ఆ చారలు మా నాన్న రక్తం. వారానికి రెండు మూడుసార్లు ఇలా కొద్దికొద్దిగా పోయేది, పరీక్షలకి తీసేది, సూదులు తీసినచోట కారేది అన్నీ కలిపితే ఏడాదికి ఒకటి రెండు గ్రాముల ఇనుము ఒంట్లోంచి పోతుంది. ఆరోగ్యవంతుడైన మగమనిషి ఒంట్లో మొత్తం ఉండేది నాలుగు గ్రాముల దాకానే. మేం వెళ్ళే చోట ఒక కుర్రాడున్నాడు, నాన్నని "బాబాయ్" అంటాడు. ఆ చారలు కనిపిస్తే "బాబాయ్, ఈసారి హెపారిన్ చాల్లేదు, డాక్టరు గారికి చెప్తాను" అని తనే రాసిపెడతాడు. హెపారిన్ అంటే రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు. అలాంటివాళ్ళ పనికి విలువ కట్టే పద్ధతి మన వ్యవస్థలో లేదు.

ఈపీఓ మందు ఎలా వచ్చిందో తెలిస్తే దాన్ని ఇంత నిర్లక్ష్యంగా చూడలేం. షికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ గోల్డ్‌వాసర్ అనే జీవరసాయన శాస్త్రవేత్త 1955లో ఈ హార్మోన్ కోసం వెతకడం మొదలుపెట్టాడు. అది పుట్టేది కిడ్నీలో అని 1957 నాటికి ఆయనా ఆయన సహచరులూ జంతువుల మీద ప్రయోగాలతో చూపించారు. కానీ దాన్ని శుద్ధంగా బయటికి తీయడానికి ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది. రక్తహీనత ఉన్న గొర్రెల రక్తంతో ఏళ్ళ తరబడి ప్రయత్నించాడు. చివరికి జపాన్ నుంచి తకాజి మియాకే అనే వైద్యుడు ముందుకొచ్చాడు. మూలుగ ఎండిపోయే జబ్బు ఉన్నవాళ్ళలో కిడ్నీ బాగానే ఉంటుంది కాబట్టి, రక్తం చాలట్లేదని అది ఈపీఓని విపరీతంగా వదులుతూనే ఉంటుంది, అది మూత్రంలోకి కూడా వస్తుంది. అలాంటి రోగుల మూత్రం 2,550 లీటర్లు సేకరించి, ఎండబెట్టి, ఆ పొడి మూటని 1975లో స్వయంగా షికాగో తీసుకెళ్ళాడు. ఆ మొత్తంలోంచి 1977లో కొద్ది మిల్లీగ్రాముల శుద్ధ ఈపీఓ వచ్చింది. ఆ కాస్త పదార్థమే ఆధారంగా ఆమ్‌జెన్ కంపెనీలో ఫు కుయెన్ లిన్ 1983లో దాని జన్యువుని పట్టుకున్నాడు. సియాటెల్‌లో జోసెఫ్ ఎష్‌బాక్ బృందం డయాలసిస్ రోగుల మీద పరీక్షించి 1987లో ఫలితాలు ప్రకటించింది. అంతకుముందు నెలనెలా రక్తం ఎక్కించుకుంటేనే గడిచే మనుషులకి ఆ అవసరమే లేకుండా పోయింది. 1989లో అమెరికాలో అనుమతి దొరికింది. తమ జబ్బు ఇంకెవరి మందుకో పనికొస్తుందని మూత్రం సీసాల్లో పట్టి ఇచ్చిన ఆ జపాన్ రోగుల గురించి నేను తరచు ఆలోచిస్తాను. వాళ్ళ పేర్లు ఎక్కడా లేవు.

ఆ మందు ఇప్పుడు మనకి దూరంలో లేదు. హైదరాబాద్‌లోనే శాంతా బయోటెక్నిక్స్ ఎరిత్రోపోయిటిన్ తయారుచేసింది, డాక్టర్ రెడ్డీస్ 2010లో అదే కోవకి చెందిన డార్బిపోయిటిన్‌ని తెచ్చింది. దేశంలో ఇంకా చాలా కంపెనీలు తయారుచేస్తున్నాయి. మరి కవిటి మండలంలో ఒక రైతుకి హిమోగ్లోబిన్ ఏడుకి పడిపోయేదాకా ఎందుకు ఊరుకున్నాం?

ఎందుకంటే మన దృష్టిలో వైద్యం అంటే డయాలసిస్ ఒక్కటే. డయాలసిస్ ఉచితం అయ్యింది, అది మామూలు సంగతి కాదు, దాని విలువ తెలిసిన ఇంట్లోంచే రాస్తున్నాను. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధనా కేంద్రం, 200 పడకల ఆస్పత్రి తెరిచారు. హిరమండలం నుంచి పైపుల్లో నీళ్ళొచ్చాయి. డయాలసిస్ రోగులకి నెలకి 10,000 పింఛను వస్తోంది. ఇవన్నీ పోరాడితే వచ్చినవి. కానీ మేం వెళ్ళిన ఒక సెంటరులో ఈపీఓ సూది కొన్ని నెలలు ఇచ్చారు, కొన్ని నెలలు స్టాకు లేదు, బయట కొనుక్కోండి అన్నారు. బయట కొనాలంటే పింఛనులోంచి తీయాలి. ఆ పింఛనులోంచే ఆటో ఖర్చు, మిగతా మందులు, ఇంటి ఖర్చు. డబ్బు చాలనప్పుడు ఇంట్లోవాళ్ళు ముందు ఏది మానేస్తారు? ఏది మానేస్తే రేపటికల్లా ఏమీ కాదో దాన్ని. ఈపీఓ మానేస్తే రేపు ఏమీ కాదు. రెండు మూడు నెలల్లో మనిషి మంచానికి అతుక్కుపోతాడు. అప్పటికి దానికీ దీనికీ సంబంధం ఎవరికీ గుర్తుండదు.

అప్పుడు ఏం చేస్తారు? రక్తం ఎక్కిస్తారు. కొడుకులు, మేనల్లుళ్ళు బ్లడ్ బ్యాంకుల చుట్టూ తిరుగుతారు, వాట్సాప్ గ్రూపుల్లో మెసేజీలు పెడతారు. రక్తం ఎక్కగానే రెండు మూడు వారాలు మనిషి తేరుకుంటాడు కాబట్టి అదే మంచి వైద్యం అన్న నమ్మకం పాతుకుపోయింది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు, రక్తస్రావం అయినప్పుడు, గుండె తట్టుకోలేకపోతున్నప్పుడు రక్తం ఎక్కించాల్సిందే, దాంట్లో రెండో మాట లేదు. కానీ సూదితో ఆపగలిగినదాన్ని ఆపకుండా నెలనెలా రక్తం ఎక్కించడం వల్ల ఎవరూ చెప్పని నష్టం ఒకటి జరుగుతుంది. ఇతరుల రక్తం ఎక్కిన ప్రతిసారీ ఆ రక్తంలోని కణాలకి వ్యతిరేకంగా మన ఒంట్లో యాంటీబాడీలు పుట్టొచ్చు. రేపు కిడ్నీ మార్పిడికి దాత దొరికినా దాత కిడ్నీ సరిపోతుందో లేదో చూసే క్రాస్‌మ్యాచ్ పరీక్షలో ఆ యాంటీబాడీలు అడ్డం పడతాయి. కాన్పులైన ఆడవాళ్ళలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ, గర్భంలో బిడ్డ వల్లే వాళ్ళలో కొన్ని యాంటీబాడీలు పుట్టి ఉంటాయి. ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు రాయించుకుని ఎదురుచూసే ముప్పై ఏళ్ళ తల్లికి అవసరం లేకుండా రక్తం ఎక్కించడమంటే ఆమెకి కిడ్నీ దొరికే దారిని మూసెయ్యడమే. మార్పిడి ఆశ ఉన్న ప్రతి పేషెంటు ఇంట్లోవాళ్ళూ "రక్తం తప్పనిసరా డాక్టరు గారూ, ఈపీఓ, ఐరన్‌తో నెట్టుకురాలేమా?" అని అడగాలి. అలా అడగడం డాక్టర్ని శంకించడం కాదు.

గుండె మాట ఎత్తాను కాబట్టి అది కూడా. కిడ్నీ రోగులు ఎక్కువగా చనిపోయేది గుండె జబ్బుతో. రక్తం పలచబడ్డప్పుడు అదే ఆక్సిజన్ని చేరవేయడానికి గుండె ఎక్కువ కొట్టుకోవాలి. ఏళ్ళ తరబడి అలా కొట్టుకుంటే ఎడమవైపు కండరం మందమవుతుంది, తర్వాత చేతులెత్తేస్తుంది. డయాలసిస్ మనిషి కదా, అలాగే ఉంటాడు అన్న మాట మీద నాకెందుకు కోపమో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

ఇంత చెప్పాను కదా అని ఎవరూ వెళ్ళి "పధ్నాలుగుకి తీసుకురండి" అని పట్టుబట్టొద్దు. అది ఇంకో తప్పు, అమెరికా ఆ తప్పు చేసి చూసింది. హిమోగ్లోబిన్‌ని మామూలు మనుషుల స్థాయికి తీసుకెళ్తే మంచిదేమోనని ఎక్కువ ఈపీఓ ఇచ్చి పరీక్షించారు. 2006లో వచ్చిన రెండు పెద్ద అధ్యయనాల్లో దానివల్ల గుండెకి మేలు జరగలేదు, ఒకదానిలో హాని ఎక్కువైంది. 2009లో షుగరు, కిడ్నీ జబ్బు రెండూ ఉన్నవాళ్ళ మీద చేసిన అధ్యయనంలో పక్షవాతం దాదాపు రెట్టింపు అయ్యింది. అందుకే ఇప్పుడు సూదితో పది నుంచి పదకొండున్నర మధ్య నిలబెట్టాలని, పదమూడు దాటనివ్వకూడదని డాక్టర్లు చెప్తారు. సూది మొదలుపెట్టాక బీపీ పెరగొచ్చు, కాబట్టి బీపీ చూసుకుంటూ ఉండాలి. నెలలో హిమోగ్లోబిన్ రెండు పాయింట్లకి మించి ఎగబాకినా మంచిది కాదు.

అక్కడ ఇంకో విషయం జరిగింది, అది మన ప్రభుత్వాలు గమనించాలి. అమెరికాలో చాలా ఏళ్ళు ఈపీఓకి విడిగా బిల్లు వేసేవాళ్ళు, ఎంత వాడితే అంత డబ్బు. సహజంగానే వాడకం పెరిగిపోయింది. 2011 నుంచి దాన్ని డయాలసిస్ ధరలోనే కలిపేశారు. మన దగ్గర సెంటరుకి సిట్టింగు లెక్కన, అంటే ఒక్కోసారి చేసిన డయాలసిస్‌కి ఇంత అని, డబ్బు అందుతుంది కానీ, పేషెంటు హిమోగ్లోబిన్ ఎంతుందో అడిగేవాళ్ళు లేరు. నా అభిప్రాయం ఏమిటంటే సిట్టింగు ధరలో ఈపీఓ, ఐరన్ రెండూ కలిపి ఉండాలి, ఎంత శాతం పేషెంట్లు పది దాటారో, ఎంతమంది పదమూడు దాటారో ప్రతి సెంటరూ నెలనెలా చూపించాలి. ఒక్క మందులకి డబ్బిస్తే ఎక్కువ వేస్తారు, ఒక్క సిట్టింగుకి డబ్బిస్తే అసలు వేయరు. అంకె చూపిస్తేనే లెక్క కుదురుతుంది.

సూది దాచడం పల్లెటూళ్ళో పెద్ద టెన్షన్. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి. అలాగని గడ్డకట్టకూడదు, ఐస్‌కి నేరుగా తగిలితే మందు పాడవుతుంది. అమ్మ దాన్ని గుడ్డలో చుట్టి, ఐస్ ప్యాక్ పక్కన స్టీలు డబ్బాలో పెట్టి, ఆటో ఎక్కిన దగ్గర్నుంచి ఒళ్ళో పట్టుకుని కూర్చుంటుంది, కుదిపితే పాడవుతుందని ఎవరో చెప్పారు, అది నిజమే. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి మా వైపు కొబ్బరిచెట్లు నేలకూలి, రోజుల తరబడి కరెంటు లేనప్పుడు ఫ్రిజ్‌లో సూదులున్న ఇళ్ళ పరిస్థితి ఆలోచించండి. అందుకే కొత్తగా వచ్చిన మాత్రల మీద నాకు ఆశ ఉంది. ఆక్సిజన్ తగ్గిందని ఒంటికి అనిపించేలా చేసి, ఒంట్లోనే ఈపీఓ తయారయ్యేలా చూసే మందులివి. మన దేశంలో జైడస్ కంపెనీ తయారుచేసిన డెసిడుస్టాట్‌కి 2022లో అనుమతి వచ్చింది, వారానికి మూడుసార్లు మింగాలి, ఫ్రిజ్ అక్కర్లేదు. రక్తం గడ్డకట్టే ప్రమాదం గురించి ఈ తరగతి మందుల విషయంలో హెచ్చరికలున్నాయి కాబట్టి ఎవరికి ఇవ్వాలన్నది కిడ్నీ డాక్టరే చెప్పాలి, మెడికల్ షాపువాడు కాదు.

ఆడవాళ్ళ సంగతి విడిగా చెప్పాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం రక్తహీనత ఉన్నవాళ్ళే. అంతమందికి ఉన్నప్పుడు ఎవరికి ఎందుకు వచ్చిందో వెతికే తీరిక ఎవరికీ ఉండదు. ఐరన్ మాత్రలు ఇచ్చి పంపేస్తారు. మా పిన్నికి అలాగే ఇచ్చారు, చాలాకాలం మింగింది, హిమోగ్లోబిన్ తొమ్మిది దాటలేదు. "సరిగ్గా వేసుకోవట్లేదు" అని ఆవిడనే తిట్టారు. వేరే పని మీద రక్తపరీక్ష చేయించినప్పుడు క్రియాటినిన్ మూడు దాటిందని బయటపడింది. సరిగ్గా మాత్రలు వేసుకున్నా మూడు నెలల్లో హిమోగ్లోబిన్ కదలకపోతే ఒకసారి క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ చూడాలి, ఉద్దానంలో అయితే మరీనూ. ఇక రక్తహీనత మీద దేశవ్యాప్తంగా నడిచే ఎనీమియా ముక్త్ భారత్ కార్యక్రమంలో పిల్లలు, కిశోరులు, కాన్పు వయసు ఆడవాళ్ళు, గర్భిణులు, బాలింతలు ఉన్నారు. యాభై దాటిన ఆడవాళ్ళు, పెద్ద మగవాళ్ళు అందులో లేరు. కిడ్నీ జబ్బు ఎక్కువగా పట్టుకునేది వాళ్ళనే. పొలంలో పని చేసే యాభై ఐదేళ్ళ మగమనిషికి రక్తం తక్కువుందంటే అది ఎప్పుడూ తేలిగ్గా తీసుకునే విషయం కాదు.

నాన్నకి ఐరన్ ఎక్కించి, ఈపీఓ మోతాదు సరిచేశాక హిమోగ్లోబిన్ మెల్లగా పదిన్నరకి వచ్చింది. క్రియాటినిన్ ఎక్కడున్నది అక్కడే ఉంది. డయాలసిస్ రోజులూ అవే. కానీ ఆయన ఇప్పుడు స్నానం నిలబడి చేస్తాడు, సాయంత్రాలు తోట దాకా వెళ్ళొస్తాడు, కూలీలతో రేటు దగ్గర వాదిస్తాడు. అమ్మకి పగలంతా ఆయన్ని కనిపెట్టుకుని కూర్చునే పని తగ్గింది.

ఉద్దానంలో స్క్రీనింగ్ శిబిరాలు పెట్టి క్రియాటినిన్ కోసం రక్తం తీస్తున్నారు. తీసే రక్తంలో ఇంకో రెండు మిల్లీలీటర్లు ఊదారంగు మూత ఉన్న గొట్టంలో పోస్తే హిమోగ్లోబిన్ కూడా వస్తుంది, రెండోసారి సూది పొడవక్కర్లేదు. కిడ్నీ జబ్బు ఉండి ఆ అంకె తగ్గినవాళ్ళందరికీ టీశాట్, ఫెర్రిటిన్ పలాసలోనే చేసి, మందు అక్కడే ఇచ్చి, మరుసటి నెల మళ్ళీ చూడాలి. డయాలసిస్ కార్డు మీద బరువు, బీపీ రాసే గళ్ళ పక్కన హిమోగ్లోబిన్‌కి కూడా ఒక గడి ఉండాలి, నెలనెలా అది నిండాలి. అది ఖాళీగా ఉంటే ఎందుకు ఖాళీగా ఉందని పేషెంటు ఇంట్లోవాళ్ళు అక్కడికక్కడే అడగాలి.